కొత్తవాడికి బోనస్... ఉన్నవాడికి ఉత్తర్వు!

సంతకం చేసిన గడువు ముగిసినా సైనికుణ్ని ఇంటికి పంపకపోతే ఆ అదనపు కాలానికి వెల కట్టేదెవరు? పదేళ్లపాటు అమెరికా అమలుచేసిన ‘స్టాప్ లాస్’ విధానంలో ఈ ప్రశ్నకు దొరికిన జవాబులు చాలా ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. ఉక్రెయిన్, రష్యాల్లో అదే ప్రశ్న ఇప్పుడు ఇంకా పెద్దదైంది. అందులో హైదరాబాద్, నారాయణపేట కుటుంబాలూ చిక్కుకున్నాయి.

అమెరికా సైనికుడికి నెలనెలా అందే జీతం చీటీని ఎల్ఈఎస్ అంటారు. పై వరసలో పేరు, గ్రేడు, సర్వీసు ఏళ్లు, వాటి దగ్గర్లోనే ఈటీఎస్ అని ఒక చిన్న గడి. కొలువు ముగిసే తేదీ అందులో అంకెల్లో ఉంటుంది. జీతం ఎంత పడిందో చూసుకున్నాక సైనికుడి కన్ను పోయేది ఆ గడి మీదికే. పెళ్లి, కాలేజీ సీటు, కొత్త ఉద్యోగం, ఇంటి అప్పు... అన్నీ ఆ తేదీని నమ్ముకునే ఖాయం చేసుకుంటాడు.

పిలుపు వస్తే యుద్ధానికి వెళ్లే రిజర్వు బలగమైన ఒరెగాన్ నేషనల్ గార్డ్‌లోని ఒక సార్జెంట్‌కు ఆ తేదీ 2004 జూన్ 27. పద్దెనిమిదేళ్ల వయసులో ఎనిమిదేళ్లకు సంతకం చేసి చేరాడు. గడువు దగ్గరపడే సమయానికి అతని యూనిట్‌ను యుద్ధానికి సిద్ధం కమ్మన్నారు. అతను వెళ్లిపోవడానికి వీల్లేదంటూ ఉత్తర్వు వచ్చింది. రికార్డుల్లో కొత్త తేదీ పడింది: 2031 డిసెంబర్ 24. అంటే ఇంకో ఇరవయ్యేడేళ్లు! నిజంగా అంతకాలం ఉంచుకోవాలని కాదు, కంప్యూటర్‌లో ఏదో ఒక తేదీ వేయాలి కాబట్టి పాలనా సౌలభ్యం కోసం వేశామని ప్రభుత్వం కోర్టులో చెప్పుకుంది. అతను పెట్టిన కేసును తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2005లో కొట్టేసింది. ఒప్పందంలో అలాంటి వెసులుబాటు ప్రభుత్వానికి ముందే ఉందని తేల్చింది.

న్యాయమూర్తులకు అది ఒప్పందం గురించిన వివాదం. ఇంట్లోవాళ్లకు అది లెక్క తప్పిన సంసారం. ఇల్లు అద్దెకిచ్చేవాడు, ఉద్యోగమిచ్చేవాడు, అప్పిచ్చేవాడు... ‘ఎప్పుడొస్తావు?’ అనే ముగ్గురూ అడుగుతారు. చెప్పడానికి తేదీ లేనివాడితో ఎవరూ బేరం కుదుర్చుకోరు.

చిన్న అక్షరాల్లో పెద్ద మెలిక

అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973తో ఆగిపోయింది. అప్పట్నుంచీ అంతా ఇష్టపడి చేరినవాళ్లే. అయితే యుద్ధం వస్తే అనుభవమున్నవాళ్లు గడువు తీరి వెళ్లిపోతుంటే ఎలా? రిజర్వు బలగాలను పిలిపించిన సమయంలో పదవీ విరమణ, విడుదల నిబంధనలను పక్కనపెట్టే అధికారాన్ని పార్లమెంటు అధ్యక్షుడికి ఇచ్చింది. 1990లో గల్ఫ్ యుద్ధం ముందు పెద్ద బుష్ దాన్ని తొలిసారి వాడారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మూడు రోజులకే చిన్న బుష్ మళ్లీ దాన్ని బయటకు తీశారు.

తొలుత కొన్ని ప్రత్యేక నైపుణ్యాలున్నవాళ్లనే ఆపారు. ఇరాక్ యుద్ధం ముదిరాక 2004 జూన్‌లో సైన్యం నిబంధనను యూనిట్ మొత్తానికీ వర్తింపజేసింది. యూనిట్ యుద్ధానికి బయల్దేరడానికి 90 రోజుల ముందు నుంచి, తిరిగొచ్చాక 90 రోజుల వరకు ఎవరి గడువు ముగిసినా కదలడానికి లేదు. యుద్ధభూమిలో గడిపే కాలం (టూర్) ఏడాది అనుకుంటే ముందు మూడు, తర్వాత మూడు కలిపి పద్దెనిమిది నెలలు. 2007 ఏప్రిల్‌లో రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ టూర్‌ను 15 నెలలకు పెంచడంతో అది ఇరవయ్యొక్క నెలలైంది.

ఒప్పందంలో ఇంకో సంగతి ఉంది. ‘నాలుగేళ్లు’ అని చేరినా మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. మిగిలిన ఏళ్లు పేరుకు ఇంట్లోనే ఉంటారు గానీ అవసరమైతే పిలుస్తారు. యుద్ధం వస్తే అది ముగిశాక ఆరు నెలల వరకు కొలువు కొనసాగుతుందన్న వాక్యమూ ఆ కాగితంలోనే ఉంటుంది. రిక్రూటింగ్ ఆఫీసులో పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు అవన్నీ చదివి, అర్థం చేసుకుని సంతకం చేస్తాడా? చట్టం మాత్రం చదివాడనే అనుకుంటుంది.

2004 ఎన్నికల్లో జాన్ కెర్రీ దీన్ని దొడ్డిదారి నిర్బంధ సైనిక సేవ అన్నారు. 2008లో కింబర్లీ పియర్స్ ‘స్టాప్ లాస్’ పేరుతోనే సినిమా తీశారు. ప్రచారాల్లోనూ, సినిమాలోనూ ఎక్కువగా వినిపించింది స్వేచ్ఛ గురించి. సైనికుల ఇళ్లలో మాత్రం మాట మొదలయ్యేది డబ్బు దగ్గరే.

జీతం చీటీలో కనిపించని ఖర్చు

2004లో నాలుగేళ్ల అనుభవమున్న, స్పెషలిస్టు హోదాలోని ఒక సైనికుడికి నెలకు మూల వేతనం సుమారు 1,800 డాలర్లు. ఇరాక్ వెళితే ప్రమాద భత్యం 225, కుటుంబానికి దూరంగా ఉన్నందుకు 250, కష్టమైన చోట పనికి 100 కలిసేవి. యుద్ధ ప్రాంతంలో సంపాదనకు ఆదాయ పన్ను లేదు. అక్కడున్నప్పుడు పదివేల డాలర్ల దాకా దాచుకుంటే పది శాతం వడ్డీ ఇచ్చే పొదుపు పథకం కూడా ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే యుద్ధంలో ఉన్న సైనికుడి చేతికి ఇంటి దగ్గరున్నప్పటికంటే ఎక్కువే వస్తుంది. పిలుపందుకున్న రిజర్వు సైనికుల్లో ఎక్కువమంది సంపాదన తగ్గకపోగా పెరిగిందని ర్యాండ్ సంస్థ 2006లో చేసిన అధ్యయనం తేల్చింది. నష్టపోయినవాళ్లూ ఉన్నారని అదే అధ్యయనం చెప్పింది.

ఈ నిజాన్ని దాచాల్సిన పనిలేదు. స్టాప్ లాస్ నష్టం వచ్చే జీతంలో కనపడదు. రావాల్సిన జీతం రాకుండా పోవడంలో ఉంటుంది. ఆగస్టులో గడువు తీరితే సెప్టెంబర్‌లో కాలేజీలో చేరదామనుకున్నవాడికి ఆ సీటు పోతుంది. ఊళ్లో పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాసి జాబితాలో పేరున్నవాడికి ఆ జాబితా కాలం చెల్లుతుంది. భర్త తిరిగొస్తాడని సొంతూళ్లో ఇల్లు చూసుకుని, బేస్ దగ్గరి ఉద్యోగం మానేసిన భార్య రెండు చోట్లా ఖర్చు భరించాలి. పిల్లల్ని చూసుకునేవాళ్లకు ఇచ్చే డబ్బు ఇంకో ఏడాది పెరుగుతుంది. జీతం చీటీలో వీటికి గడులుండవు.

వదిలి వచ్చిన ఉద్యోగాన్ని తిరిగివ్వాలని 1994 నాటి చట్టం యజమానులను ఆదేశిస్తోంది. మామూలుగా అయిదేళ్ల సర్వీసు వరకే ఆ రక్షణ. బలవంతంగా ఆపిన కాలం ఆ అయిదేళ్లలో లెక్కకు రాదు కూడా. మంచి చట్టమే. కాకపోతే తిరిగి చేరడానికి ముందొక ఉద్యోగమంటూ ఉండాలి. పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరి, ఇప్పుడు తొలిసారి బయట ఉద్యోగం వెతుక్కునేవాడికి తిరిగి వెళ్లే కుర్చీ ఏదీ? సొంతంగా ప్లంబింగ్ పనో, మెకానిక్ షెడ్డో నడుపుకునే గార్డ్ సైనికుడి సంగతీ అంతే. తన షట్టరు తనే దించుకోవాలి. ముఖ్యమైన మనిషి యుద్ధానికి వెళ్లడంతో దెబ్బతిన్న చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ సంస్థ ఒకటి తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. రాబడి తెచ్చే మనిషి లేనప్పుడు చేసే అప్పు అది.

పక్క మంచం వాడికి పదిహేను వేలు

స్టాప్ లాస్‌లో గుచ్చుకునే ముల్లు ఇక్కడుంది. అదే సమయంలో అదే సైన్యం, మనుషుల కోసం డబ్బు కుమ్మరిస్తోంది. 2003లో ఇరాక్, అఫ్గానిస్థాన్, కువైట్‌లలో ఉన్నవాళ్లు మళ్లీ సంతకం చేస్తే 5,000 డాలర్ల బోనస్ ప్రకటించారు. 2005 నాటికి యుద్ధభూమిలో మళ్లీ సంతకం చేసేవాళ్లకు 15,000 దాకా ఇవ్వజూపారు. అక్కడ చేసిన సంతకానికి పన్ను కూడా లేదు. నేషనల్ గార్డ్‌లో ఆరేళ్లకు మళ్లీ చేరితే ఇచ్చే బోనస్‌ను 2004 చివర్లో 5,000 నుంచి 15,000 డాలర్లకు పెంచారు.

ఒకే బరాకు, రెండు మంచాలు అనుకోండి. ఒకడు ఇష్టపడి మళ్లీ సంతకం చేశాడు. ఖాతాలో వేల డాలర్లు పడ్డాయి. రెండోవాడు ‘నా గడువు అయిపోయింది, వెళ్తా’ అన్నాడు. అతణ్ని ఉత్తర్వుతో ఆపారు, అదనంగా ఏమీ ఇవ్వలేదు. ఇద్దరూ ఒకే హమ్వీ వాహనంలో, ఒకే రోడ్డు మీద, ఒకే బాంబుల మధ్య తిరుగుతారు. పొద్దుటి నుంచి పనిచేసిన కూలీని చీకటిపడ్డా ఇంటికి పంపకుండా పాత కూలికే ఆపేసి, పక్కనే కొత్తగా దిగినవాడికి మూడింతలు చేతిలో పెట్టినట్టు.

దీనివల్ల ఇంకో ఒత్తిడి మొదలైంది. ఎలాగూ ఆపేస్తారని తెలిశాక ‘ఊరికే ఆగడం కంటే సంతకం చేసి బోనస్ తీసుకుందాం’ అనుకునేవాళ్లు తయారయ్యారు. అప్పులున్న ఇల్లు, పసిపిల్లలు, ముందున్న ఏడాదిన్నర నిర్బంధం... వీటన్నిటి మధ్య మూడేళ్లకో ఆరేళ్లకో పెట్టే సంతకాన్ని ఇష్టపూర్వకం అనడం కాగితం మీదే కుదురుతుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే స్టాప్ లాస్‌తో దొరికిన ఏడాది అన్నిటికంటే చవకైన ఏడాది. శిక్షణ ఖర్చు లేదు, రిక్రూటింగ్ ఖర్చు లేదు, బోనస్ లేదు. అనుభవం ఉంది. ఆ మిగులు ఎక్కడిదంటే సైనికుడి ఇంట్లోంచి తీసినదే.

గొడుగు ఉంది, తడవడమూ ఉంది

సైనికుల అప్పులకు రక్షణ లేదా? ఉంది. 1940 నాటి చట్టాన్ని తిరగరాసి 2003 డిసెంబర్‌లో కొత్తది తెచ్చారు. కొలువులో చేరకముందు చేసిన అప్పుల మీద వడ్డీ ఆరు శాతం దాటకూడదు. కోర్టు అనుమతి లేకుండా ఇల్లు జప్తు చేయకూడదు. తొంభై రోజులు, అంతకుమించి యుద్ధానికి వెళ్లాల్సివస్తే అద్దె ఒప్పందాన్ని జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు.

‘చేరకముందు’ అన్న షరతు దగ్గరే చిక్కు. ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ పిలుపు రాగానే యుద్ధానికి వెళ్లిన గార్డ్ సైనికుడికి ఆ షరతు సరిపోతుంది. అతని అప్పులన్నీ పిలుపుకు ముందువే. నాలుగేళ్లుగా సైన్యంలోనే ఉన్నవాడు కారు కొన్నా, ఇల్లు కొన్నా కొలువులో ఉండగానే కొంటాడు. అలాంటివాడి గడువు పెంచినా ఆరు శాతం పరిమితి, జప్తు నుంచి రక్షణ ఆ అప్పులకు వర్తించవు. గడువు తీరాక వచ్చే కొత్త జీతాన్ని నమ్ముకుని చేసిన అప్పును పాత జీతంతో తీర్చాలి. సైన్యం తన గడువును ఒక్క ఉత్తర్వుతో పెంచుకోగలదు. బ్యాంకు వాయిదా తేదీ మాత్రం క్యాలెండర్‌లో కదలదు.

చట్టం వర్తించే చోటైనా అది తనంతట తాను పనిచేయదు. వడ్డీ తగ్గించమని సైనికుడే ఉత్తర్వు కాపీ జతచేసి బ్యాంకుకు రాయాలి. రాసినా కొన్నిసార్లు దక్కలేదు. సుమారు నాలుగు వేల సైనిక కుటుంబాల దగ్గర ఇంటి అప్పు మీద ఎక్కువ వసూలు చేశామని, కొందరి ఇళ్లను పొరపాటున జప్తు చేశామని జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు 2011లో ఒప్పుకుంది. 5.6 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అదే ఏడాది, సైనికుల ఇళ్ల అక్రమ జప్తుల కేసులో బ్యాంక్ ఆఫ్ అమెరికా అనుబంధ సంస్థ 2 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది.

బ్యాంకులు ఇవ్వని చోట, జీతం పడేదాకా చేబదులిచ్చే పేడే లోన్ దుకాణాలు తలుపులు తెరిచి కూర్చున్నాయి. సైనిక స్థావరం గేటు దాటితే వరసగా వాటి బోర్డులే. వంద డాలర్లకు రెండు వారాలకు పదిహేను డాలర్ల రుసుము అంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే 390 శాతం! సైనికుడు వాళ్లకు బంగారు ఖాతాదారు. నెలకు రెండుసార్లు ఠంచనుగా జీతం పడుతుంది. పైగా ఎగ్గొట్టడానికి భయపడతాడు, అప్పుల చిక్కుంటే రహస్య సమాచారం చూసే అనుమతి రద్దు కావచ్చు. అది పోతే సైన్యంలో చాలా పనులు చేయలేడు. ఈ అప్పులు సైన్యం సన్నద్ధతనే దెబ్బతీస్తున్నాయని 2006లో పెంటగాన్ పార్లమెంటుకు నివేదిక ఇచ్చింది. ఆ తర్వాతే సైనిక కుటుంబాలకిచ్చే ఇలాంటి అప్పుల మీద వడ్డీ, రుసుములు కలిపి ఏడాదికి 36 శాతం దాటకూడదన్న చట్టం వచ్చింది. 2007 అక్టోబర్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై నాలుగున్నరేళ్లు.

జీతమే తప్పుగా పడితే?

ఈ చిక్కులన్నీ జీతం సరిగ్గా పడుతోందన్న నమ్మకం మీద చెప్పుకున్నవి. ఆ నమ్మకమూ నిలవలేదు. 2003 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఆరు నేషనల్ గార్డ్ యూనిట్లను పరిశీలించింది. 481 మంది సైనికుల్లో 450 మందికి జీతంలో ఒక్క తప్పైనా దొర్లింది. కొందరికి తక్కువ పడింది, కొందరికి ఆలస్యమైంది, కొందరికి ఎక్కువ పడి తర్వాత అప్పుగా మారింది. పాత కంప్యూటర్ వ్యవస్థలు, చేత్తో చేసే నమోదులు కారణాలని తేల్చారు. ఎడారిలో కాపలా కాస్తున్నవాడు పే ఆఫీసుతో ఎన్నిసార్లు మాట్లాడగలడు? ఆ పని ఇంటి దగ్గరున్న భార్య మీద పడేది.

గాయపడినవాళ్లనూ లెక్కలు వదల్లేదు. యుద్ధంలో గాయపడి సైన్యాన్ని వీడిన దాదాపు 900 మంది మీద 12 లక్షల డాలర్ల బాకీలున్నట్లు 2006లో అదే సంస్థ బయటపెట్టింది. ఎక్కువ పడిన జీతం, పోయిన సామగ్రి లాంటి ఖాతాల కింద రాసిన బాకీలవి. చాలావరకు జీతాల వ్యవస్థ చేసిన పొరపాట్లే.

బోనస్ తీసుకున్నవాడైనా నిశ్చింతగా ఉన్నాడా అంటే అదీ లేదు. యుద్ధం ముమ్మరంగా సాగిన కాలంలో కాలిఫోర్నియా నేషనల్ గార్డ్ అధికారులు అర్హత లేనివాళ్లకూ బోనస్‌లు పంచారని తర్వాత ఆడిట్‌లో తేలింది. దాంతో దాదాపు పదివేల మందిని డబ్బు తిరిగి కట్టమన్నారు. పదిహేను వేలు, అంతకుమించి తీసుకున్నవాళ్లున్నారు. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లకు వెళ్లొచ్చి, ఆ డబ్బు ఇంటికో చదువుకో ఖర్చుపెట్టేసుకున్న పదేళ్లకు నోటీసులొచ్చాయి. 2016 అక్టోబర్‌లో పత్రికలకెక్కి గగ్గోలు పుట్టాక రక్షణమంత్రి ఆష్ కార్టర్ వసూళ్లను ఆపించారు. అధికారి చేసిన తప్పుకు సైనికుడు వడ్డీతో సహా కట్టాల్సివచ్చింది. గడువు దాటించి ఆపినందుకు ప్రభుత్వం వడ్డీ కట్టిన దాఖలా మాత్రం లేదు.

నెలకు అయిదొందల డాలర్ల న్యాయం

ఏడేళ్లపాటు అదనంగా ఏమీ ఇవ్వకుండా నడిచిన విధానానికి చివరికి ఒక ధర కట్టారు. సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్, ప్రతినిధుల సభ సభ్యురాలు బెట్టీ సటన్ చొరవతో, స్టాప్ లాస్‌లో ఉన్న ప్రతి నెలకూ 500 డాలర్లు ఇచ్చే ఏర్పాటు 2008 అక్టోబర్ నుంచి మొదలైంది. అప్పటి మారకంలో దాదాపు పాతిక వేల రూపాయలు. 2009 మార్చిలో గేట్స్ ఈ విధానాన్నే దశలవారీగా ఎత్తేస్తున్నట్లు ప్రకటించారు. అప్పటికి సుమారు 13,000 మంది దాని కింద ఉన్నారు. గడువు ముగిశాక మనుషుల్ని ఇలా పట్టి ఉంచడం వాళ్లకిచ్చిన మాట తప్పడమేనన్న భావన ఆయన మాటల్లోనే వ్యక్తమైంది. 2011కల్లా చివరి సైనికుడూ బయటపడ్డాడు.

మరి 2001 నుంచి 2008 దాకా ఆగిపోయినవాళ్ల సంగతి? వాళ్లకోసం 2009లో 53.4 కోట్ల డాలర్లు కేటాయించారు. నెలకు అదే 500. అర్హులు దాదాపు లక్షా నలభై అయిదు వేలమందని, సగటున ఒక్కొక్కరికి 3,700 డాలర్ల పైచిలుకు వస్తుందని పెంటగాన్ అంచనా. డబ్బు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లలేదు. సైనికుడే డీడీ 2944 అనే ఫారం నింపి, విడుదల పత్రం, పాత ఒప్పందం, ఆపిన ఉత్తర్వు వెతికి జతచేయాలి. అప్పటికి వాళ్లు ఊళ్లు మారారు, ఉద్యోగాలు మారారు. ప్రభుత్వం నుంచి డబ్బొస్తుందంటే అదేదో మోసమనుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు గడువు 2010 అక్టోబర్. అప్పటికి కేటాయింపులో సగం కూడా ఖర్చుకాలేదు. అధ్యక్షుడు ఒబామా వీడియోలో కనిపించి దరఖాస్తు చేసుకోమని కోరారు. గడువును పదేపదే పెంచి 2012 దాకా లాగారు.

ఇందులోనూ ఒక కోత ఉంది. ఆగిపోయాక మళ్లీ సంతకం చేసి బోనస్ తీసుకున్నవాళ్లకు ఈ పరిహారం వర్తించదన్నారు. నిర్బంధంలో ఉండగా పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వకంగానే లెక్కగట్టారు. పద్దెనిమిది నెలలు పూర్తిగా ఆగినవాడికి దక్కేది తొమ్మిది వేల డాలర్లు. పోయిన కాలేజీ ఏడాదికి, చెల్లిపోయిన ఉద్యోగ జాబితాకు, మూసేసిన షెడ్డుకు అందులో వాటా లేదు. అయినా ఆ అయిదొందలకు ఒక విలువుంది. గడువు దాటి ఆపిన ప్రతి నెలకూ ఆపినవాడు బాకీపడతాడని ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్లయింది.

డ్నీపర్ ఒడ్డున అదే లెక్క

ఆ ఒప్పుకోలు సరిహద్దులు దాటలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడితో ఉక్రెయిన్‌లో సైనిక చట్టం అమల్లోకి వచ్చింది. కొలువులో ఉన్నవాళ్ల ఒప్పందాలు దానంతటవే కొనసాగాయి. దేశం మీద యుద్ధం వచ్చిపడినప్పుడు అమెరికా ఎంచుకుని వెళ్లిన యుద్ధంతో దాన్ని పోల్చలేం. అయితే ఇంట్లో లెక్క మాత్రం ఒకటే. 36 నెలలు పనిచేసినవాళ్లను విడుదల చేయాలన్న అంశం 2024 ఏప్రిల్‌లో సైనిక సమీకరణ చట్టం నుంచి ఎగిరిపోయింది. అంతకుముందు నుంచే కీవ్ వీధుల్లో సైనికుల భార్యలు ‘ఇక వేరేవాళ్ల వంతు’ అంటూ ఆందోళన చేస్తూ వచ్చారు. ముందువరసలో పోరాడుతుంటే నెలకు లక్ష హ్రీవ్నియాల దాకా అదనంగా అందుతుంది. వెనక్కి వచ్చి మామూలు విధుల్లో ఉంటే సుమారు ఇరవై వేల దగ్గరే ఆగుతుంది. అలసిపోయిన శరీరం వెనక్కి రమ్మంటుంది, ఇంటి ఖర్చు ముందుకు పొమ్మంటుంది.

2025 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ 18-24 ఏళ్ల యువకులకు ప్రత్యేక ఒప్పందం ప్రకటించింది. ఏడాది పనిచేస్తే పది లక్షల హ్రీవ్నియాలు. తేదీ ఉంది, ధర ఉంది. మూడేళ్లుగా కందకాల్లో ఉన్నవాడికి ఆ రెండూ లేవు.

రష్యాలోనూ ఇదే తీరు. 2022 సెప్టెంబర్ 21న పుతిన్ పాక్షిక సమీకరణ ఉత్తర్వుతో ఒప్పంద సైనికుల గడువులన్నీ నిరవధికంగా సాగిపోయాయి. కొత్తగా చేరేవాళ్లకు మాత్రం కేంద్ర బోనస్‌ను 2024 ఆగస్టు నుంచి నాలుగు లక్షల రూబుళ్లకు పెంచారు. మాస్కో నగరం తన వంతుగా 19 లక్షలు ప్రకటించింది.

ఆ ఒప్పందాల ఉచ్చులోనే మనవాళ్లూ పడ్డారు. సెక్యూరిటీ ఉద్యోగమని, సహాయకుల పని అని, నెలకు లక్షకు పైగా జీతమని ఏజెంట్లు నమ్మించారు. లక్షల రూపాయలు గుంజి 2023లో యువకులను రష్యా పంపారు. అక్కడ తమకు రాని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు చేయించారు. కొన్నాళ్లకే యుద్ధభూమిలో తేలారు. హైదరాబాద్‌కు చెందిన ఒక యువకుడి మరణాన్ని 2024 మార్చిలో భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ నెలలోనే సీబీఐ కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. జులైలో ప్రధాని మోదీ మాస్కోలో పుతిన్ దగ్గర ఈ విషయం ప్రస్తావించాక విడుదలలు ఊపందుకున్నాయి. సెప్టెంబర్‌లో నారాయణపేట యువకుడు ఒకరు ఇల్లు చేరారు. రష్యా సైన్యంలో మొత్తం 126 మంది భారతీయులు చేరగా 96 మంది తిరిగొచ్చారని, 12 మంది చనిపోయారని, 16 మంది ఆచూకీ తెలియడం లేదని 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పింది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఊళ్లో ఉంటుంది. దాన్ని తీర్చాల్సినవాడు మరో దేశపు ఉత్తర్వు కింద ఉంటాడు. స్టాప్ లాస్ బాధితుడికి కనీసం కోర్టు తలుపు తట్టే హక్కుండేది.

మన దగ్గర తీరు వేరు

భారత సైన్యంలో గడువు పెంపు అంటే జవాన్లు కోరుకునేది. ఆరోగ్యం, రికార్డు బాగుంటే రెండేళ్ల పొడిగింపు ఇస్తారు. అది అందితే ఇంట్లో సంతోషం. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో చిక్కు పూర్తిగా తిరగబడింది. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒక్కరినే ఉంచుకుంటారు. తొలి ఏడాది నెలకు 30,000 జీతం, వెళ్లేటప్పుడు సుమారు 11.71 లక్షల సేవానిధి. అక్కడ ‘ఎప్పుడు పంపుతారు?’ అన్నది బెంగ. ఇక్కడ ‘ఎందుకు పంపేస్తారు?’ అన్నది బెంగ. రెండు చోట్లా తేదీ సైనికుడి చేతిలో లేదు. ఒక తేడా మాత్రం ఉంది. అగ్నివీరుడికి ఆ తేదీ, ఆ మొత్తం చేరేరోజే తెలుసు.

ఇలా గడువు మీద రగడ మన నేలకు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికి పంపడంలో జాప్యం మీద 1946 జనవరిలో కరాచీలోని డ్రిగ్ రోడ్ స్థావరంలో బ్రిటిష్ వైమానిక సిబ్బందే పనిమానేశారు. మరుసటి నెల 18న బొంబాయిలో మొదలైన రాయల్ ఇండియన్ నేవీ తిరుగుబాటు విశాఖపట్నం దాకా పాకింది. తిండి, జీతం, వివక్షలతోపాటు త్వరగా విడుదల చేయాలన్నదీ, వెళ్లేటప్పుడు తగిన సొమ్ము, తర్వాత ఉపాధి కావాలన్నదీ ఆ నావికుల డిమాండ్లలో ఉన్నాయి. ఇంటికి పంపడమంటే బండెక్కించడం ఒక్కటే కాదని వాళ్లు అప్పుడే చెప్పారు.

ధర ముందే రాయాలి

సైన్యానికి యుద్ధకాలంలో మనుషుల్ని ఆపుకునే అధికారం అసలే ఉండకూడదని వాదించడం తేలిక. యూనిట్‌లో కలిసి శిక్షణ పొందినవాళ్లు బయల్దేరే ముందురోజు సగం మంది వెళ్లిపోతే మిగిలినవాళ్ల ప్రాణం మీదికొస్తుందన్న సేనాధిపతుల మాటలో నిజముంది. కాబట్టి ఆ అధికారం ఉండాలా వద్దా అన్నదానికంటే, దాన్ని వాడినప్పుడు బిల్లు ఎవరికి పంపాలన్నదే అసలు ప్రశ్న.

అమెరికా అనుభవం చూస్తే జవాబు మరీ కష్టమైనదేమీ కాదు. గడువు దాటి ఆపిన ప్రతి నెలకూ ధర ఒప్పందంలోనే ఉండాలి, పరిహారం కోసం ఏళ్లు గడిచాక ఫారాలు వెతుక్కునే పని ఉండకూడదు. ఆ ధర కొత్తవాడికిచ్చే బోనస్‌కు తగ్గకూడదు, ఎందుకంటే ఉన్నవాడు చేసేదీ అదే పని. గడువు పెంచుతూ ఇచ్చే ఉత్తర్వు కాపీ ఆ రోజే అప్పిచ్చిన సంస్థకూ చేరాలి, కొలువులో ఉండగా చేసిన అప్పులకూ వడ్డీ పరిమితి వర్తించాలి. బయట ఉద్యోగం, సీటు ఖాయమైనవాళ్లకు అవి పోకుండా చూడాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడినవే. అందుకే పనికొస్తాయి. ఒక మనిషిని ఇంకో ఏడాది ఆపడానికి ఖజానా నుంచి డబ్బు తీయాల్సివస్తే, ఆపడం నిజంగా అవసరమా అని ఎవరో ఒకరు ఫైలు మీద ప్రశ్న రాస్తారు. ఉచితంగా దొరికినప్పుడు ఆ ప్రశ్న రాయడానికి అమెరికాకు ఏడేళ్లు పట్టింది.